సొరకాయకు నాడి చూసిన చాచీ

సొరకాయను చూసి ఏడ్చిన మనిషిని అశ్వారావుపేట సంతలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు. మొన్న చూశారు. కూరగాయలు అమ్మే ఆమె సొరకాయ నా చేతిలో పెట్టి, "లేతదే నర్సమ్మా, గోరు గుచ్చి చూస్కో" అంది. నేను గోరు గుచ్చలేదు. మణికట్టు పట్టుకున్నట్టు దాని మెడ పట్టుకుని నాడి కోసం వెతికాను. చెయ్యి దానంతట అదే అట్లా పోయింది. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో తిరగబడి ఏడుపయింది. పాపం ఆమె కంగారుపడి, "ధర ఎక్కువనిపిస్తే తగ్గిస్త గని, గిట్ల ఏడుస్తరా ఎవరన్న" అంది.

చాచీ పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

బస్టాండు నుంచి సంతకు వచ్చే దారిలో, ఎరువుల దుకాణానికీ టీ కొట్టుకూ మధ్య ఇరుక్కుని ఉండేది ఆమె గడియారాల దుకాణం. ఊరంతటికీ ఆమె చాచీయే. పామాయిల్ గెలలు కోసే కూలీలకూ చాచీ, వాళ్ల మేస్త్రీకీ చాచీ, ఆమె కంటే వయసులో పెద్దవాళ్లకూ చాచీ. అసలు పేరేమిటో నేనెప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే, "పేరుతోని నీకేం పని, వాచీ కొంటవా కొనవా" అని ఉండేది. భారీ మనిషి. మోకాళ్లు సహకరించవు కాబట్టి పొద్దున కూర్చుంటే మళ్లీ నమాజు వేళకే లేచేది. గొంతు మాత్రం సంతలో ఉల్లిగడ్డలు అమ్మేవాళ్లని కూడా మించింది. టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది, ఆ ఊదే మధ్యలో కూడా ఎవరో ఒకరిని తిడుతూనే ఉండేది. తిట్టు కలపకుండా ఆమె ఎవరితోనైనా ప్రేమగా మాట్లాడినట్టు నాకు గుర్తులేదు.

గోడ నిండా గడియారాలు, అద్దాల బల్ల నిండా వాచీలు. ఆమె చేతికి మాత్రం ఏదీ ఉండేది కాదు. బోడి చేతులు. ఆ బోడి మణికట్టును రెండు వేళ్లతో రుద్దుకుంటూ, దారిన పోయేవాళ్లను కేకేసి, "ఏమయ్యా, టైమెంతైంది?" అని అడిగేది. కొత్తవాళ్లు నవ్వేవాళ్లు, ఇన్ని గడియారాల మధ్య కూర్చుని ఈమె మమ్మల్ని టైము అడుగుతుందేమిటని. ఆమెకు కావలసింది టైము కాదు. ఆ మనిషి చేతికున్నది తాను అమ్మిన స్మార్ట్‌వాచీ అయితే, దాంట్లో టైము చూడటానికి అతను ఎంత తంటాలు పడుతున్నాడో చూసేది. ఎండలో కనపడక అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడా, ఆమె మొహం ముడుచుకునేది. తెర వెలగక చెయ్యి విదిలించాడా, ఇంకాస్త ముడుచుకునేది. విదిలించి విదిలించి చివరికి జేబులోంచి ఫోను తీసి టైము చెప్పాడా, ఆ రకం వాచీ సాయంత్రానికల్లా అద్దాల బల్లలోంచి మాయం.

"చేతికి వాచీ పెట్టుకోని ఫోన్ల టైము జూసేటోడు ఊర్ల తిరుగుతున్నడంటే, అమ్మిన నా ఇజ్జత్ ఏం గావాలె?" అనేది.

మా ఇద్దరి పరిచయం గొడవతో మొదలైంది. నేను ఏఎన్ఎంను. అడవి అంచు ఊళ్లు తిరిగే ఉద్యోగం. రక్తపరీక్షలు, టీకాలు, బీపీలు, షుగర్లు, మధ్యలో నా కాళ్లనొప్పులు. ఒకరోజు సంతలో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, ఈమె ఒక తాతకు వాచీ కట్టి, "సూడు తాతా, నీ బీపీ గూడ చెప్తది. ఇగ దవాఖానా చుట్టు తిరుగుడు ఎందుకు?" అంటోంది. నాకసలే నోరాగదు. సంచీతో సహా లోపలికి పోయాను.

"చాచీ, ముందు నీ బీపీ ఎంతో చెప్పమను దాన్ని."

"నాదా? నాకేం రోగం?" అంటూనే ఇంకో వాచీ తీసి, కట్టుకోకుండానే మణికట్టు మీద అదిమి పట్టుకుంది. కాసేపటికి అది పదహారేళ్ల పిల్లకు ఉండాల్సిన బీపీ చూపించింది. చాచీ నా వైపు గెలిచిన మొహం పెట్టింది. నేను నా డ్యూటీ సంచిలోంచి బీపీ మిషను తీసి ఆమె దండచేతికి పట్టీ చుట్టాను. వచ్చిన అంకె చూసి నాకే భయమేసింది.

"నీ మిషన్ ఖరాబైంది" అంది చాచీ.

రెండో చేతికి చుట్టాను. అదే అంకె. చాచీ చూపు నా కూరగాయల సంచి మీద పడింది.

"ఆ సొరకాయ ఇటియ్యి."

ఇచ్చాను. దాని మెడకు వాచీ కట్టి, పట్టీ బిగించి, బల్ల మీద పడుకోబెట్టింది. వాచీ అడుగున పచ్చ దీపం మిణుకు మిణుకుమంది. ముగ్గురం వంగి చూస్తున్నాం. ముందు గుండె కొట్టుకోవడం వచ్చింది. తర్వాత బీపీ వచ్చింది.

"యా అల్లా! ఈ సొరకాయ బీపీ నాకంటె మంచిగున్నదే!"

నవ్వీ నవ్వీ సాసర్లో టీ అంతా చీర మీద ఒలకబోసుకుంది. నవ్వు తగ్గాక తాత చేతి నుంచి వాచీ ఊడదీసింది. "తాతా, ఇది సొరకాయలు కొనుక్కోవాల్సిన వాచీ. నువ్వు పోయి నర్సమ్మకు చూపిచ్చుకో." తాత మొహం వేలాడేసుకున్నాడు. చాచీ ఆ రోజే దవాఖానాకు పోయి బీపీ గోలీలు తెచ్చుకుంది. అలా పోయేదాకా నేను బల్ల ముందు నుంచి కదలలేదు లెండి.

అప్పటినుంచి ఆ దుకాణంలో ఎప్పుడూ ఒక సొరకాయ ఉండేది. టక్కు చేసుకుని, బ్యాగు తగిలించుకుని కొత్త వాచీలు అంటగట్టడానికి వచ్చే సేల్స్ కుర్రాళ్లు గుక్క తిప్పుకోకుండా వాటి గొప్పలు చెబుతుంటే, చాచీ అన్నీ విని, నెమ్మదిగా సొరకాయను వాళ్ల ముందుకు దొర్లించేది. ఒకడు మాత్రం జంకలేదు. "మేడం, సొరకాయ గూడ జీవమే కదా" అన్నాడు. ఆ జవాబు ఆమెకు ఎంత నచ్చిందంటే వాడికి టీ, సమోసా తెప్పించింది. వాచీలు మాత్రం తీసుకోలేదు. పొద్దంతా నాడి చూపించుకున్న ఆ సొరకాయ సాయంత్రానికి ఆమె ఇంట్లో పప్పులో ఉడికేది.

తక్కువ ధరలో వాచీ కావాలని వచ్చేవాళ్లకు ఆమె ముందు వాచీలు చూపించేది కాదు. చేతులు చూసేది. చెయ్యి తిప్పి, అరచెయ్యి చూసి, "ఏం పని జేస్తవు?" అని మొదలుపెట్టేది. ఊళ్లో కరెంటు ఎట్లా ఉంటుంది, ఫోనులో మెసేజులు తెలుగులో వస్తాయా ఇంగ్లీషులోనా, చెమట ఎక్కువా, పశువులున్నాయా, అన్నీ అడిగేది. పెళ్లి సంబంధానికి వచ్చినట్టుందే అని నవ్వితే, "ధర తక్కువ వస్తువు తీస్కునేటోడే ఎక్కువ అడగాలె. పైసలున్నోడు ఒకటి పాడైతె ఇంకోటి కొంటడు. మనకు ఇదే ఆఖరిది" అనేది. తెలుగు మెసేజి వస్తే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు చూపించే వాచీల మీద ఆమెకు పట్టరాని కోపం. "గింత పొడుగు పట్టీ పెట్టిండ్రు గని అ ఆలు పెట్టలే" అని ఆ కంపెనీల వంశాలను తలుచుకునేది.

ఆ దుకాణానికి ఒక కట్టుబాటు ఉండేది. సంత నుంచి సంతకు. ఈ సంత నాడు వాచీ తీసుకుపోవాలి, మళ్లీ సంత నాడు తెచ్చి చూపించాలి. నచ్చితే అప్పుడే పైసలు, నచ్చకపోతే ఇంకోటి. ఆ మధ్యలో దాన్ని బీరువాలో దాచిపెట్టి తళతళలాడుతూ తెస్తే ఊరుకునేది కాదు. "బీరువాల ఉన్నదానికి నీ బతుకేం ఎర్క?" అనేది. గెలలు కొయ్యాలి, బర్రెను కడగాలి, వాగులో బట్టలుతకాలి, అన్నీ ఆ చేత్తోనే. తిరిగి తెచ్చినప్పుడు ముందు పట్టీ వాసన చూసేది. తర్వాత మణికట్టు మీద పొక్కులొచ్చాయా అని చూసేది. ఒకసారి వేంసూరు ట్రాక్టరు డ్రైవరు ఒకతను, వాచీ అద్భుతంగా పనిచేస్తోందనీ, తాను రోజుకు ఎన్ని వేల అడుగులు నడుస్తున్నాడో చూడమనీ గర్వంగా చెయ్యి చాపాడు.

"నడిచింది నువ్వా, ట్రాక్టరా?" అంది చాచీ.

అతను ఆలోచనలో పడ్డాడు. రోజంతా సీటు మీద ఎగిరెగిరి పడటమే తప్ప దిగి నడిచింది లేదు మరి.

నేను కూడా ఆమె దగ్గరే కొన్నాను. నాకు గులాబీ రంగుది, అంచు మెరిసేది నచ్చింది. సబ్బుతో చేతులు ఎన్నిసార్లు కడుక్కుంటావని అడిగి, దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. మూడు సంతలు పోట్లాడుకున్నాం. చివరికి నల్లటి రబ్బరు పట్టీది ఒకటి కట్టి, "అందం నీ మొహానికుంటె చాలు, వాచీకెందుకు?" అంది. ఇప్పటికీ నా చేతికున్నది అదే. పట్టీ తెగితే ఏ ఊళ్లోనైనా దొరికే పట్టీ వేసుకోవచ్చని ఆమె ఆ రోజే చూసి ఇచ్చిందని, పట్టీ తెగాక గానీ నాకు తెలియలేదు.

కానీ చాచీ అంటే నాకు గుర్తొచ్చేది నా వాచీ కాదు, కన్నమ్మ వాచీ.

కన్నమ్మది నేను తిరిగే ఊళ్లలో చివరిది. పామాయిల్ తోటలు దాటాక, తారు రోడ్డు కూడా ఇక నావల్ల కాదని ఆగిపోయే చోట ఉంటుంది. కోయ కుటుంబాలు. కన్నమ్మకు ఒక జ్వరం తర్వాత మెల్లమెల్లగా వినికిడి పోయింది. ఖమ్మం పెద్దాసుపత్రికి తీసుకుపోయి చెవి మిషను ఇప్పించాను. ఇంట్లో కొంత పనికొచ్చింది. అడవిలో గాలికి, ఆకుల చప్పుడుకు అదొక హోరు తప్ప ఏమీ తెలియడం లేదని తీసి గూట్లో పెట్టేసింది.

ఎండాకాలం వస్తే ఆ ఊరి ఆడవాళ్లంతా బీడీలు చుట్టే తునికాకు కోతకు పోతారు. చీకటి విడీ విడకముందే బయలుదేరి, ఎండ ముదిరే లోపు మోపులతో తిరిగొస్తారు. ఆ ఆకు అమ్మిన డబ్బుల మీదే ఆ ఇళ్లకు విత్తనాలు, పిల్లల బట్టలు, ఇంటి మీద కప్పు. అడవిలో అందరూ ఒకచోటే కోస్తే ఆకు దొరకదు కాబట్టి విడిపోతారు. విడిపోయినా తప్పిపోకుండా ఉండటానికి కూత పెట్టుకుంటారు. ఒకరు కూ అంటే, ఉన్నవాళ్లు ఉన్నచోటి నుంచి కూ అనాలి. కూత అందనంత దూరం ఎవరూ పోరు. ఎలుగుబంటి జాడ కనపడినా కూతే దిక్కు.

ఆ ఏడు కోత మొదలైన రోజుల్లోనే ఎలుగు కనపడింది. అందరూ కూతలు పెట్టుకుంటూ ఒక పక్కకు తప్పుకున్నారు. కన్నమ్మ ఒక్కతే దానికి ఎదురుగా, ఏమీ తెలియకుండా ఆకు కోసుకుంటూ ఉంది. గుంపుకు పెద్ద బుచ్చమ్మ ప్రాణాలకు తెగించి పోయి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. ఆ రోజే చెప్పేసింది, ఇక నుంచి కన్నమ్మను తీసుకుపోలేమని. "ఆమె మీద కోపం కాదు నర్సమ్మా. ఆమెను జూసుకుంట ఆకెట్ల కోస్తం? ఏమన్నయితె ఎవరు బాధ్యులు?" అంది. తప్పు పట్టడానికి లేదు.

వినపడని మనిషి కదా, కన్నమ్మ గట్టిగా అరిచినట్టే మాట్లాడుతుంది. "ఆకు లేకుంటె నేనేం తినాలె? ఊరంత అడివికి పోతె నేనొక్కదాన్ని ఇంట్ల కూసోని గోడలు సూడాల్నా?" అని నా మొహం మీద అరిచింది. ఆమెను సంతకు తీసుకొచ్చి చాచీ ముందు నిలబెట్టాను.

చాచీ ముందు తన అలవాటు కొద్దీ అరిచింది. కన్నమ్మ ఇంకా గట్టిగా అరిచింది. టీ కొట్టువాడు తగాదా అనుకుని పరుగెత్తుకొచ్చాడు. తర్వాత చాచీ నోరు మూసుకుని చేతులు మొదలుపెట్టింది. బోడి మణికట్టును రెండు వేళ్లతో రుద్ది, గడ్డం పైకెత్తి, టైమెంత అని సైగ చేసింది. కన్నమ్మకు అర్థమై ఎండ వైపు చూసి చేతితో చూపించింది. చాచీకి ముచ్చటేసింది.

"అడివిల సిగ్నల్ ఉండది చాచీ, ఫోన్లు రావు" అన్నాను.

"ఫోనుతోని పనేంది? అలారం పెడితె చాలు, సిగ్నల్ లేకున్న వాచీ వణుకుతది. చెవు ఇనకపోతె చెయ్యి ఇంటది." అలారాలు వరసగా పెట్టి ఇస్తుంది. వాచీ వణికినప్పుడల్లా కన్నమ్మ అనుకున్న ఇప్పచెట్టు కిందకు రావాలి. మిగతావాళ్లూ అప్పటికి అక్కడ కలవాలి. మళ్లీ కలిసి ముందుకు పోవాలి. అంటే ఎంతో సేపు ఎవరికీ దూరంగా ఉండదు. బుచ్చమ్మను నేను బతిమాలి ఒప్పించాను. చాచీ తన దుకాణంలో ఉన్నవాటిలో పెద్ద తెర ఉన్నదీ, ఎండలో కూడా కనపడేదీ ఏరి కన్నమ్మ చేతికి కట్టింది. సంత నుంచి సంతకు.

వారం తిరిగేసరికి ప్రాణం మీదికి వచ్చింది. ఒక పొద్దున వాచీ వణికింది. కన్నమ్మ ఇప్పచెట్టు కిందకు పోయింది. ఎవరూ లేరు. చూసి చూసి మళ్లీ ఆకుకు పోతే మళ్లీ వణికింది. మళ్లీ చెట్టు కింద ఎవరూ లేరు. తనను వదిలేసి పోయారనుకుంది. ఒక్కతే వాగు దారి పట్టి ఇంటికొచ్చేసింది. అక్కడ గుంపంతా ఆకు వదిలేసి, ఏడ్చుకుంటూ, కూతలు పెట్టుకుంటూ ఎండ నెత్తికెక్కేదాకా అడవంతా వెతికింది. కూతలు పెట్టేది ఎవరి కోసమో వాళ్లకు తెలుసు, ఆమెకు వినపడదనీ తెలుసు. అయినా పెట్టారు. ఊళ్లోకొచ్చి చూస్తే ఆమె అరుగు మీద కూర్చుని ఆకు కట్టలు కట్టుకుంటోంది. బుచ్చమ్మ ఆ వాచీ ఊడదీసి నా చేతిలో పెట్టింది.

"నీ దెయ్యాన్ని నువ్వే తీస్కపో నర్సమ్మా. దానికి తోచినప్పుడల్ల వణుకుతున్నది. రేపటి సంది కన్నమ్మ రాదు."

ఆ రోజు సంత. దుకాణం కిటకిటలాడుతోంది. చాచీ వాచీని తన ఫోనుకు కలిపి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు గీకి గీకి చూసింది. తర్వాత నుదురు కొట్టుకుంది.

"శభాష్ చెప్పిందటే! అడుగులు పూర్తయినయని శభాష్ చెప్పింది! నేను అలారాలు పెట్టిన గని ఇది బంద్ జెయ్యలే. పట్నంల పొద్దుగాల పార్కు చుట్టు తిరిగేటోళ్లకు పెట్టిన లెక్క నర్సమ్మా ఇది. కన్నమ్మ ఇప్పచెట్టు కాడికి పోకముందే ఆ లెక్క దాటిపోతది. నీళ్లు తాగమని ఒకటి, లేచి నడువుమని ఇంకోటి... లేచి నడువుమంట, కన్నమ్మను!"

నేను తిడదామనుకునే వచ్చాను. ఆమె మొహం చూశాక తిట్టు రాలేదు. చాచీ, సంత రోజున, పట్టపగలు, షట్టరు దించింది. బేరానికొచ్చినవాళ్లు బయట నిలబడి గొణుక్కున్నారు. "రేపు నేను గూడ అడివికొస్త" అంది. మోకాళ్ల సంగతి గుర్తుచేస్తే, "మోకాళ్లు నావి. తప్పు గూడ నాదే" అంది.

ఆ రాత్రికి మా సబ్‌సెంటర్లోనే పడుకుని, తెల్లారకముందే బయలుదేరింది. చీర కుచ్చెళ్లు దోపుకుని, కొంగు తలకు చుట్టుకుని, చేతికర్రతో. నన్ను దూది అడిగి రెండు చెవుల్లో నిండా కుక్కుకుంది. ఎప్పుడూ బోడిగా ఉండే చేతులకు రెండు వాచీలు కట్టుకుంది. కుడిచేతికి కన్నమ్మకు ఇచ్చిన పెద్దది. ఎడమచేతికి ఇంకోటి, చిన్న తెర, మందపాటి ఒళ్లు, పక్కన నొక్కే బటను, చూడటానికి తాబేలు పిల్లలా ఉంది. ఎవరూ కొనక వెనక్కి పంపించేద్దామని మూల పడేసింది అది. రెండింట్లోనూ అలారాలు తప్ప అన్నీ ఆపేసింది. బుచ్చమ్మ ఆ వాలకాన్ని ఎగాదిగా చూసి కోయలో ఏదో అంది. ఆడవాళ్లంతా నవ్వారు. కన్నమ్మ కూడా వచ్చింది, వద్దన్నా వచ్చింది.

చాచీకి ఆకు కొయ్యడం రాదు. ముదురాకు, పురుగు తిన్న ఆకు, చేతికందిందల్లా కోసింది. ఒకచోట చీమల మీద కూర్చోబోతే, "చాచీ, చీమలు!" అని గొంతు పగిలేలా అరిచాను. దూదికి ఏం వినపడుతుంది? కూర్చుంది. తర్వాత జరిగింది చెప్పను, ఆమెకు నచ్చదు.

మెల్లగా ఆమె పొదల వెంబడి కొంచెం దూరం పోయింది. నేను వెనకాలే ఉన్నాను, ఆమెకు కనపడకుండా. కోస్తూ కోస్తూ తలెత్తి చూసింది. ఎవరూ లేరు. ఇటు తిరిగింది. అటు తిరిగింది. అడవిలో చుట్టూ ఆడవాళ్ల కూతలు వినపడుతూనే ఉన్నాయి, నాకు. ఆమెకు లేవు. సంతనంతా తన గొంతుతో అదిలించే మనిషి, చెట్టు కాండం పట్టుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని, పిల్లలా నిలబడిపోయింది. ఆ మొహం నేను మర్చిపోలేను. పోయి పట్టుకుందామని అడుగు వేశాను. అప్పుడే అలారం మోగినట్టుంది, ఆమె ఒళ్లు జలదరించింది. ఎడమచెయ్యి చూసుకుంది. ఊపిరి పీల్చుకుని, ఉన్న గొంతంతా పెట్టి కూత వేసింది. అది కూతో కేకో తెలియదు గానీ, పిట్టలు లేచిపోయాయి. ఆడవాళ్లంతా ఏమైందోనని నలుమూలల నుంచీ పరుగెత్తుకొచ్చారు.

చాచీ చెవుల్లో దూది పీకేసింది. కళ్లలో నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"గింత భయం ఎట్ల మోస్తున్నదే ఈ పిల్ల, రోజూ?" అంది.

తర్వాత కుడిచేతి పెద్ద వాచీ విప్పి నా మీదికి విసిరింది. "ఇది వణికింది గూడ నాకు ఎర్కలే. కొమ్మ తగిలిందో వాచీ కదిలిందో తెల్వలే. గీ తాబేలు బొక్కల దాక వణికింది." ఆ తాబేలును విప్పి కన్నమ్మ చేతికి కట్టింది.

బుచ్చమ్మ మాత్రం వాచీని చూడటం లేదు. చుట్టూ చేరిన తన గుంపును చూస్తోంది. ఒక్కరూ తప్పకుండా అందరూ వచ్చారు. "ఎవలకు తోచినప్పుడు వాళ్లం కూత పెడ్తున్నం. కొందరికి ఇనపడ్తది, కొందరికి ఇనపడదు" అంది నెమ్మదిగా. "ఇది మోగినప్పుడల్ల కన్నమ్మనే కూత పెట్టనీ. అందరం వస్తం. తలకాయలు లెక్కపెట్టుకోని మళ్ల పోతం. ఎలుగొచ్చినప్పుడు గూడ, గుంపుల ఉంటె చెయ్యి పట్టుకోని గుంజొచ్చు."

సైగలతో చెప్పేసరికి కన్నమ్మకు ముందు నమ్మకం కలగలేదు. నేను వినని కూత నేనెట్లా పెడతానని అడిగింది. బుచ్చమ్మ ఆమె గొంతు మీద తన చెయ్యి పెట్టి, పెట్టమంది. కన్నమ్మ కూత పెట్టింది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి దానికి తగ్గడం తెలియదు. వాగు అవతలి దాకా పోయింది.

అప్పటినుంచి ఆ గుంపును అడవిలో నడిపేది వినపడని మనిషి. ఆకు కాలం తప్ప మిగతా సంతలన్నిటికీ కన్నమ్మ వచ్చేది. చాచీ దూరం నుంచే బోడి మణికట్టు రుద్దుకుని గడ్డం ఎత్తేది. కన్నమ్మ తాబేలును ఎత్తి చూపించేది. వాళ్లిద్దరికీ అదే నమస్కారం. చాచీ గురించి నాతో ఏదైనా చెప్పాలన్నా కన్నమ్మ అలా మణికట్టే రుద్దేది. మా ఎవ్వరికీ తెలియని ఆమె పేరు, కన్నమ్మ దగ్గర అదే.

చాచీ నిద్రలోనే పోయింది. బస్టాండులో ఎవరో చెబితే తెలిసింది. పోయి చూశాను. గోలీల అట్ట దిండు కింద ఉంది, మానకుండా వేసుకుంటూనే ఉంది. నాకు భయపడి వేసుకునేదని కోడలు చెప్పింది. ఇప్పుడు దుకాణంలో ఆ కోడలే కూర్చుంటోంది. మంచి పిల్ల. బల్ల మీద సొరకాయ లేదు, చేతికి వాచీ ఉంది.

సంతలో నేను ఏడ్చిన మర్నాడు, గ్లూకోజు పొట్లాలు తీసుకుని ఆకు కోసే చోటికి పోయాను. ఆకు కాలం కదా, కన్నమ్మ సంతకు రాక చాలా రోజులైంది. ఆమెకు తెలియదు. ఇప్పచెట్టు దగ్గర ఒక్కతే దొరికింది. ఎట్లా చెప్పాలో దారంతా అనుకుంటూనే వచ్చాను. చివరికి నా మణికట్టు మీది వాచీ పైకి జరిపి, ఖాళీ చోట రెండు వేళ్లతో రుద్దాను. ఆమె నవ్వి, తాబేలు ఎత్తి చూపించింది. నేను తల అడ్డంగా ఊపి, అరచెయ్యి ఆకాశం వైపు తిప్పాను.

కన్నమ్మ నా మొహం చూసింది. అరవలేదు. నా చేతిని తీసుకుని, నేను రుద్దిన చోటే తానూ ఒకసారి రుద్దింది. అంతలో ఆమె చెయ్యి వణికింది. ఏడుపేమో అనుకున్నాను. వాచీ. ఆమె చెట్టు కిందకు పోయి, గొంతెత్తి కూత పెట్టింది. పొదల్లోంచి ఒక్కొక్కరే మోపులతో వచ్చారు. బుచ్చమ్మ తలకాయలు లెక్కపెట్టుకుంది. సరిపోయింది. మళ్లీ పోదామని మోపు సర్దుకుంది.

అప్పుడు కన్నమ్మ ఇంకో కూత పెట్టింది. ముందుదానికంటే పొడుగ్గా, సంత దిక్కుకు తిరిగి.

"అందరం వస్తిమి గదనే" అంది బుచ్చమ్మ ఆమె భుజం పట్టుకుని. "ఇంకెవలు రావాలె?"

కన్నమ్మ రెండు వేళ్లతో మణికట్టు రుద్దింది.